తప్పొస్తే నవ్వుతారేమో!

*విదేశీ భాష క్లాసులో అన్నీ తెలిసిన పిల్లలు కూడా నోరు విప్పరు. రాయమంటే రాస్తారు, లేచి చెప్పమంటే నీళ్ళు నములుతారు. ఆ భయం ఎక్కడిది? అది పోవాలంటే మారాల్సింది ఎవరు?*

అమీర్‌పేటలో సాయంత్రం ఆరున్నర బ్యాచ్. కింద జిరాక్స్ షాపులు, బజ్జీల బండి, పక్క భవనం నిండా జావా, పైథాన్ బోర్డులు. మూడో అంతస్తులోని ఇరుకు గదిలో ఇరవై మంది దాకా జర్మన్ నేర్చుకుంటున్నారు. సగం మంది నర్సులు. మిగతావాళ్ళు బీటెక్ అయిపోయి, జర్మనీలో ఎంఎస్ చేద్దామనుకుంటున్నవాళ్ళు. నిన్న ఏం చేశారో ఒక్కొక్కరూ లేచి చెప్పాలి. అదీ ఆ రోజు పాఠం.

మొదటి బెంచీ నుంచి వరసగా వస్తోంది. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి, తన వంతుకి ఇంకా ఎందరున్నారో లెక్కపెట్టుకుంటోంది. నల్లగొండ వైపు ఊరు. ఐసీయూలో రాత్రి డ్యూటీలు చేసిన నర్సు. నరం దొరకని పేషెంటుకి కూడా చెయ్యి వణక్కుండా సెలైన్ పెట్టగలదు. ఇప్పుడు మాత్రం అరచేతులు చెమటలు పడుతున్నాయి. ముందువాళ్ళు చెబుతున్నది ఒక్క ముక్కా చెవికెక్కడం లేదు. తను చెప్పాల్సిన వాక్యాన్నే లోపల తిప్పి తిప్పి అనుకుంటోంది.

‘‘నువ్వు చెప్పమ్మా’’ అన్నారు మేడమ్.

లేచి నిలబడింది. నిన్న మార్కెట్‌కి వెళ్ళానని చెప్పాలి. ‘‘ఇష్ హాబే గెస్టెర్న్ త్సుమ్ మార్క్ట్...’’

‘‘హాబే కాదు, బిన్. ఇష్ బిన్.’’

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఆమెను చూసి కాకపోవచ్చు, ఫోన్లో ఏదో చూసి కావచ్చు. అదంతా ఆలోచించే తీరిక ఆమెకెక్కడిది? వాక్యం అక్కడే తెగిపోయింది. ‘‘సారీ మేడమ్’’ అని కూర్చుండిపోయింది. ‘సారీ’ని జర్మన్‌లో ఏమంటారో మొదటి వారంలోనే నేర్చుకుంది. అదీ నోటికి రాలేదు.

మనుషులు మారతారు, ఊళ్ళు మారతాయి, భాష మారుతుంది. తంతు మాత్రం ఇదే. విజయవాడ ఐఈఎల్‌టీఎస్ కోచింగ్‌లో, కరీంనగర్ ఇంజినీరింగ్ కాలేజీ ఇంగ్లీష్ ల్యాబ్‌లో, జిల్లా పరిషత్ హైస్కూలు ఎనిమిదో తరగతిలో రోజూ ఎవరో ఒకరు ఇలా సగం వాక్యంతో కూర్చుండిపోతూనే ఉన్నారు.

జర్మన్ మీదికి మళ్ళిన చూపు

ఈ మాట ఇప్పుడెందుకంటే, తెలుగిళ్ళలో కొత్త భాషల ముచ్చట ఎక్కువైంది. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల ఫీజు ప్రకటించాక, ‘అమెరికా కాకపోతే ఇంకెక్కడ?’ అన్న ప్రశ్న పెళ్ళి భోజనాల దగ్గర కూడా వినబడుతోంది. జవాబుల్లో మొదట వచ్చే పేరు జర్మనీ. అక్కడ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు ఉండదు. నర్సుల కొరత ఎటూ ఉంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు భాష నేర్పించి మరీ జర్మనీకి, జపాన్‌కి పంపుతోంది.

వెళ్ళాలంటే భాష రావాలి. ఐరోపా మండలి 2001లో అచ్చువేసిన కొలమానం ప్రకారం ఏ భాషకైనా ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు. జర్మనీలో నర్సుగా పూర్తి గుర్తింపు రావాలంటే సాధారణంగా నాలుగో మెట్టు, అంటే బీ2 ఎక్కాలి. అందులో చదవడం, వినడం, రాయడం ఒక ఎత్తు. ఎదుటి మనిషి కళ్ళలోకి చూస్తూ మాట్లాడటం మరో ఎత్తు. కోచింగ్‌కి అప్పు చేసి, ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చినవాళ్ళలో చాలామంది తడబడేది ఆ రెండోదాని దగ్గరే.

ఇక ఇంగ్లీష్ సంగతి చెప్పక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు జీవోతో మొదలైన మీడియం వాదన ఇప్పటికీ చల్లారలేదు. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022–23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లీష్ మీడియం తెచ్చారు. ఏ మీడియం మంచిదన్న వాదన పెద్దలది. తరగతిలో లేచి నిలబడి తడబడే గుండెదడ మాత్రం పిల్లలది. ఆ దడ గురించి ఏ జీవోలోనూ ఒక్క వాక్యం ఉండదు.

ముప్ఫై మూడు ప్రశ్నలు

ఈ దడను పట్టించుకుని కొలిచినవాళ్ళు అమెరికాలో ఉన్నారు. 1983 వేసవిలో టెక్సస్ విశ్వవిద్యాలయంలో కొత్తగా విదేశీ భాష క్లాసుల్లో చేరినవాళ్ళను ‘ఇబ్బందిగా ఉన్నవాళ్ళు రండి, కూర్చుని మాట్లాడుకుందాం’ అని పిలిచారు. ఆ సంగతి చెప్పింది 225 మందికి. వస్తామన్నవాళ్ళు 78 మంది. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరు. అంతమందికి చోటు లేక, పదిహేనేసి మంది చొప్పున రెండు బృందాలతో సరిపెట్టారు.

ఆ బృందాల్లో పిల్లలు చెప్పుకున్న కష్టాల నుంచే ఎలైన్ హార్విట్జ్, మైకేల్ హార్విట్జ్, జోయన్ కోప్ అనే ముగ్గురు 33 ప్రశ్నల పట్టిక తయారుచేసి 1986లో ప్రచురించారు. జపాన్ నుంచి టర్కీ దాకా ఇవాళ్టికీ పరిశోధకులు ఈ భయాన్ని కొలవాలంటే ఆ పట్టికనే చేతికి తీసుకుంటారు. అందులో తేలిన ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఇది మామూలు పిరికితనం కాదు. లెక్కల క్లాసులో చెయ్యెత్తే కుర్రాడు, కబడ్డీ కోర్టులో అరిచి గోల చేసే కుర్రాడు, భాష క్లాసులో మాత్రం బెంచీ కింద దాక్కోవాలని చూస్తాడు.

ఎందుకంటే లెక్క తప్పితే తప్పింది లెక్క. భాష తప్పితే మనిషే తక్కువైపోయినట్టు ఉంటుంది. పాతికేళ్ళు వచ్చి, నలుగురికీ సలహాలిచ్చే మనిషి కొత్త భాషలో ఐదేళ్ళ పిల్లాడిలా ‘నా పేరు ఫలానా, నాకు అరటిపండు ఇష్టం’ అని చెప్పాల్సి వస్తుంది. తన తెలివి, హాస్యం, మాట నేర్పు ఏవీ ఆ వాక్యంలో పట్టవు. ఎదుటివాళ్ళు చూసేది ఆ అరటిపండునే.

■ మీకూ ఉందా?

*టెక్సస్ పరిశోధకుల పట్టికలోని కొన్ని అంశాల సారాంశం ఇది. నాలుగైదింటికి ‘అవును’ అంటే మీరు ఒంటరివారు కారు.*

• టీచర్ ఇప్పుడు నన్నే లేపుతారని తెలిసినప్పుడు గుండె దడదడలాడుతుంది.
• ముందుగా సిద్ధం కాకుండా మాట్లాడమంటే కంగారు పుడుతుంది.
• క్లాసులో అందరూ నాకంటే బాగా మాట్లాడతారనిపిస్తుంది.
• కంగారులో, బాగా తెలిసినవి కూడా మర్చిపోతాను.
• టీచర్ నా ప్రతి తప్పునూ పట్టుకోవడానికే చూస్తున్నారనిపిస్తుంది.
• నేను మాట్లాడితే మిగతావాళ్ళు నవ్వుతారని భయం.
• క్లాసు ఎగ్గొడదామని తరచూ అనిపిస్తుంది.

చూసే కళ్ళు

భయం భాషలో ఉందా, చూసే కళ్ళలో ఉందా అన్న ప్రశ్నకు కెనడాలో ఇద్దరు పరిశోధకులు చక్కటి దారి వెతికారు. పీటర్ మెకిన్‌టైర్, రాబర్ట్ గార్డ్‌నర్ 1994లో కొత్త భాష మాటలు నేర్చుకుంటున్న విద్యార్థుల ముందు వీడియో కెమెరా తెచ్చి పెట్టారు. కొందరి ముందు మొదట్లోనే, కొందరి ముందు మధ్యలో, కొందరి ముందు చివర్లో. కెమెరా వచ్చిన చోటల్లా ఆందోళన పెరిగింది, మాటలు నేర్చుకోవడం మందగించింది. పాఠం అదే, పిల్లలు అలాంటివాళ్ళే. తేడా అల్లా తమను ఎవరో చూస్తున్నారన్న స్పృహ.

బుర్రలో ఒకేసారి పట్టే పనులకు హద్దుంది. మాట వెతకాలి, దాన్ని వరసలో పెట్టాలి, ఉచ్చారణ చూసుకోవాలి. ఈ మూడింటి మధ్య ‘ఏమనుకుంటున్నారో’ అన్న నాలుగోది వచ్చి చేరితే మొదటి మూడింటిలో ఏదో ఒకటి జారిపోతుంది. నర్సమ్మాయికి జారిపోయింది మొత్తం వాక్యమే.

తప్పు పట్టే కళ్ళు లేకపోతే ఎలా ఉంటుందో గురజాడ వందేళ్ళ కిందే చూపించారు. కన్యాశుల్కంలో గిరీశం, వెంకటేశం ఇంగ్లీష్ మాట్లాడి చూపించే ఘట్టం ఎవరికి గుర్తులేదు? వెంకటేశం తల్లి ముచ్చటపడి అడుగుతుంది. గురుశిష్యులిద్దరూ బడి పుస్తకాల్లో బట్టీపట్టిన ముక్కలను ఒకదానికొకటి పొంతన లేకుండా గడగడా వల్లిస్తారు. తల్లి మురిసిపోతుంది. చదివే మనం నవ్వుకుంటాం. కానీ ఒక్కసారి వెంకటేశాన్ని చూడండి. పరీక్ష తప్పిన కుర్రాడు. బళ్ళో పంతులు ముందు ఆ ముక్కలు అంత ధారగా చెప్పేవాడా అన్నది అనుమానమే. ఆ లోగిలిలో మార్కులేసేవాళ్ళు లేరు, తప్పు పట్టేవాళ్ళు లేరు, పక్కన సహకరించే గురువున్నాడు. నోరు దానంతటదే తెరుచుకుంది. గిరీశం ఘనమైన మోసగాడే, కాదనను. ఈ ఒక్క విషయంలో మాత్రం మన ఇంగ్లీష్ మాస్టార్లలో చాలామంది కంటే మేలు.

■ తెలుగు నేర్చుకున్న దొర

*చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో మద్రాసులో దిగాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో నిలవాలంటే దేశభాషల్లో పరీక్ష నెగ్గాలి. తెలుగు అక్కడే మొదలుపెట్టి, 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చాడు. తర్వాత సొంత ఖర్చుతో పండితులను పెట్టుకుని తాళపత్రాలను పరిష్కరింపజేశాడు. 1852లో ఆయన తెలుగు–ఇంగ్లీష్ నిఘంటువు వెలువడింది. పట్టుదల ఆయనది, ఎవరూ కాదనలేనిది. అయితే జీతమిచ్చే దొర క్రియాపదం తప్పు పలికితే కిసుక్కుమనే సాహసం ఏ పండితుడు చేస్తాడు? ఆ వెసులుబాటు ప్రభుత్వ బడిలో ఎనిమిదో తరగతి చదివే పిల్లాడికి లేదు.*

రెండు భాషల బరువు

మళ్ళీ అమీర్‌పేట క్లాసుకే వద్దాం. అక్కడ జర్మన్ అందరికీ కొత్తదే. అందరూ సున్నా నుంచి మొదలుపెట్టినవాళ్ళే. అలాంటప్పుడు భయం కూడా సమానంగా పంచుకోవాలి కదా? పంచుకోరు. క్లాసులో గలగలా మాట్లాడేది ఒక జట్టు, గోడ పక్కన ముడుచుకు కూర్చునేది ఇంకో జట్టు. వాళ్ళు చదువుకున్న బడులేవో అడిగి చూడండి, సంగతి అర్థమవుతుంది.

మన దగ్గర జర్మన్, ఫ్రెంచ్, జపనీస్ ఏది నేర్పినా ఎక్కువ చోట్ల ఇంగ్లీష్ ద్వారానే నేర్పుతారు. వ్యాకరణం ఇంగ్లీష్‌లో వివరిస్తారు, అర్థాలు ఇంగ్లీష్‌లో చెబుతారు, సందేహం కూడా ఇంగ్లీష్‌లోనే అడగాలన్నట్టు ఉంటుంది వాతావరణం. తెలుగు మీడియం నుంచి వచ్చిన అమ్మాయి జర్మన్ మాటను ఇంగ్లీష్‌లోకి, దాన్ని తెలుగులోకి తెచ్చుకుని, జవాబును మళ్ళీ అదే దారిలో వెనక్కి మోసుకెళ్ళాలి. ఈలోగా కాన్వెంటులో చదివిన కుర్రాడు జవాబు చెప్పేసి ఉంటాడు. నర్సింగ్ నాలుగేళ్ళూ ఆమె ఇంగ్లీష్ పుస్తకాలే చదివింది, ఇంగ్లీష్‌లోనే పరీక్షలు రాసింది. మాట్లాడే అవసరం మాత్రం ఎప్పుడూ పడలేదు. జర్మన్ క్లాసులో ఆమెకు కలుగుతున్న బెదురులో సగం పాత ఇంగ్లీష్ బాకీ.

వింత ఏమిటంటే, తెలుగువాళ్ళకు జర్మన్‌లో ఒక సుళువు ఉంది. ‘ఎందుకంటే’ అంటూ మొదలయ్యే ఉపవాక్యాల్లో జర్మన్ క్రియ చివరికి పోతుంది. ఇంగ్లీష్ దారిలో ఆలోచించేవాళ్ళకి ఇదో తలనొప్పి. మనకు క్రియ చివర్న ఉండటం పుట్టినప్పటి నుంచీ అలవాటే. జపనీస్‌లో అయితే వాక్యమే మన వాక్యంలా నడుస్తుంది. ‘ఇది మన తెలుగులో లాగే’ అని టీచర్ ఒక్క మాట అంటే గోడ పక్క జట్టులో తలలు పైకి లేస్తాయి. అనరు. తెలుగు ఎత్తితే క్లాసు స్థాయి పడిపోతుందని భయం. టీచర్లకూ భయాలుంటాయి.

ఈ బాకీ ఎక్కడ మొదలైందో వెతికితే బడి దగ్గర తేలుతుంది. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ఇంగ్లీష్ పేపర్ రాసేదే తప్ప మాట్లాడేది కాదు. పరీక్షలో లేనిది క్లాసులో ఉండదు. పదేళ్ళు ఇంగ్లీష్ ‘రాసిన’ పిల్లాడు ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో ఇంగ్లీష్ కమ్యూనికేషన్ ల్యాబ్‌లో అడుగుపెట్టి, ‘జస్ట్ ఎ మినిట్’ పేరుతో ఒక నిమిషం మాట్లాడమంటే మొదటిసారి తన గొంతు తను వింటాడు. ‘మైసెల్ఫ్ ఫలానా’ అంటాడు. క్లాసంతా గొల్లుమంటుంది. ఆ ఒక్క ‘మైసెల్ఫ్’ నాలుగేళ్ళూ మారుపేరుగా వెంటాడిన కుర్రాళ్ళు ప్రతి కాలేజీలోనూ ఉంటారు. ఆ నవ్వినవాళ్ళలో సగం మంది కూడా అలాంటి వాక్యమే సిద్ధం చేసుకుని కూర్చున్నవాళ్ళు. తమ వంతు రాకముందే వేరొకరు దొరికినందుకు ఊపిరి పీల్చుకుని నవ్వినవాళ్ళు.

ప్రైవేటు బడుల్లో కథ ఇంకో రకం. అక్కడ మాట్లాడిస్తారు, కానీ బెదిరించి మాట్లాడిస్తారు. తెలుగు మాట్లాడితే ఫైను. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక బడి, తెలుగులో మాట్లాడిన పిల్లల మెడల్లో పలకలు వేలాడదీసిన ఉదంతం రాష్ట్రమంతా గగ్గోలు రేపింది. పలకలు పోయాయి. ఫైన్లు పూర్తిగా పోయాయని ఎవరూ గుండెమీద చెయ్యేసుకుని చెప్పలేరు. దండన భయంతో వచ్చిన ఇంగ్లీష్ ఇంటర్వల్లో స్నేహితుల మధ్య సాగినంత ధారాళంగా అధికారి ముందు సాగదు. అక్కడ పాత పలక గుర్తొస్తుంది.

నోరు మూతపడితే...

ఈ భయం ఒక్క పీరియడ్‌తో పోయేదైతే ఇంత రాయాల్సిన పనిలేదు. మాట్లాడితే తప్పు వస్తుందని మాట్లాడరు. మాట్లాడకపోతే అలవాటు కాదు. అలవాటు కాకపోతే తప్పులు తగ్గవు. ఏడాది తిరిగేసరికి పక్కవాడికీ తనకూ మధ్య దూరం రెట్టింపవుతుంది.

క్యాంపస్ ఇంటర్వ్యూల కాలంలో ఇది కళ్ళకు కడుతుంది. కోడింగ్ రౌండు దాటి, గ్రూప్ డిస్కషన్‌లో ఎనిమిది మంది మధ్య ఒక్క వాక్యమైనా చొప్పించలేక బయటికొచ్చే కుర్రాళ్ళు ఎందరో. వాళ్ళ పేరు ఎదుట రాసేది ‘కమ్యూనికేషన్ వీక్’ అని. భయపడ్డాడని రాయరు. హాస్టల్‌కి వచ్చాక ఆ కుర్రాడే రూమ్‌మేట్లకు అదే అంశం మీద తెలుగులో అరగంట ఏకధాటిగా చెబుతాడు.

ఊళ్ళ నుంచి వచ్చిన మెరికల కోసమే 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టారు. పదో తరగతిలో బడికి మొదటి స్థానంలో నిలిచిన పిల్లలు వాళ్ళు. ఊళ్ళో ‘ఫస్ట్’ అనిపించుకున్న పిల్లకి, ఇంగ్లీష్ పాఠాలు అర్థంకాని మొదటి నెలలు ఎంత చీకటిగా ఉంటాయో ఊహించండి. ఇంటికి ఫోన్ చేసి చెబుదామన్నా ‘నీకు రాకపోవడమేంటమ్మా’ అంటారు అమ్మానాన్నలు. బాగా చదివే పిల్లల భయం ఇంకా లోతైనది. వాళ్ళకు తప్పు చేసిన అనుభవం లేదు.

మనమే ఇలా అనుకుంటే పొరపాటు. జపాన్‌లో జిమ్ కింగ్ అనే పరిశోధకుడు తొమ్మిది విశ్వవిద్యాలయాల్లో 48 గంటల ఇంగ్లీష్ క్లాసులు కూర్చుని గమనించాడు. విద్యార్థి తనంతట తాను నోరు తెరిచి మాట్లాడిన సమయం మొత్తంలో ఒక్క శాతం కూడా లేదు.

కోడి ముందా, గుడ్డు ముందా?

ఇక్కడో పేచీ ఉంది. భయం వల్ల భాష రావడం లేదా, భాష రాకపోవడం వల్ల భయమా? అమెరికాలోనే రిచర్డ్ స్పార్క్స్, లియొనోర్ గాన్షో 1990ల నుంచీ రెండోదే నిజమని వాదించారు. కొందరికి శబ్దాలను విడదీసి పట్టుకోవడం, అక్షరాలతో కలపడం మొదటి నుంచీ కష్టం. ఆ కష్టమే తర్వాత భయంగా బయటికొస్తుందంటారు వాళ్ళు. ఇందులో మనం తీసుకోవాల్సింది ఉంది. పాఠం ఎక్కని పిల్లాడి భుజం తట్టి ‘భయపడకు నాన్నా’ అంటే భయం పోదు. ముందు ఆ పాఠం ఎక్కాలి. వాక్యం కట్టడం రాని వాడికి ధైర్యం నూరిపోసే మోటివేషన్ క్లాసుల వల్ల ఒరిగేది ఏమీ లేదు. కాలేజీలు వాటిమీద పెట్టే డబ్బులో కొంత రెండో ఇంగ్లీష్ టీచర్‌కి జీతంగా ఇస్తే అరవై మంది క్లాసు ముప్ఫై అవుతుంది. చూసే కళ్ళూ సగమవుతాయి.

అలాగని భయమంతా ఉత్త లక్షణమే అనడమూ సరికాదు. కెమెరా ప్రయోగంలో విద్యార్థుల సామర్థ్యం మారలేదు కదా.

ఒక్క సెకను, మూడు సెకన్లు

ఖర్చులేని మందులు కొన్ని ఉన్నాయి. మేరీ బడ్ రో అనే అమెరికా విద్యావేత్త 1970ల్లో ప్రాథమిక బడుల్లో సైన్స్ క్లాసులు రికార్డు చేసి గడియారం పెట్టుకుని విన్నది. ప్రశ్న అడిగాక టీచర్లు జవాబు కోసం ఆగేది సగటున ఒక్క సెకను. అంతలో జవాబు రాకపోతే ఇంకొకరిని లేపుతారు, లేదా తామే చెప్పేస్తారు. ఆ ఆగడాన్ని మూడు సెకన్లకు పెంచమన్నారు. జవాబులు పొడుగయ్యాయి, ‘తెలీదు’ అనేవాళ్ళు తగ్గారు, ఎప్పుడూ మాట్లాడనివాళ్ళు మాట్లాడారు. అది సొంత భాషలో సైన్స్ పాఠం. రెండు భాషలు దాటి రావాల్సిన పిల్లకి మూడు సెకన్లయినా ఏ మూలకి?

రెండోది, సరిదిద్దే తీరు. తప్పును సరిచేయొద్దని ఎవరూ అనరు. ‘హాబే కాదు, బిన్’ అన్న మాట వాక్యం పూర్తయ్యాక వస్తే పాఠం అవుతుంది, మధ్యలో వస్తే దెబ్బ అవుతుంది. పోనీ టీచరే మెత్తగా సరైన వాక్యం తిరిగి చెబితే సరిపోతుందా అంటే, అదీ చాలదు. కెనడాలో రాయ్ లిస్టర్, లైలా రాంటా 1997లో ఫ్రెంచ్ క్లాసులను పరిశీలించారు. టీచర్లు ఎక్కువగా వాడేది ఈ మెత్తని పద్ధతే, పిల్లలు తమ తప్పును పట్టించుకుని స్పందించేది కూడా దీనికే అతి తక్కువ. ‘ఇంకోసారి చూసుకో, ఆ క్రియకు ఏది వస్తుంది?’ అని తిరిగి పిల్లలతోనే చెప్పించినప్పుడు ఫలితం బాగుంది. అంటే మళ్ళీ కాస్త ఆగడం.

మూడోది జంటలు. నలభై మంది ముందు చెప్పేలోపు పక్కవాడితో ఒకసారి చెప్పనివ్వాలి. ఇద్దరి మధ్య చేసిన తప్పు ఇద్దరి మధ్యే ఉంటుంది. కొందరు టీచర్లు ఇప్పుడు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపమంటున్నారు. పిల్లలు హాస్టల్ డాబా మీద, బాత్రూమ్‌లో, బస్టాండ్‌లో నాలుగుసార్లు రికార్డు చేసి, నచ్చింది పంపుతారు. మంచి పద్ధతే. కాకపోతే ఆ మెసేజ్‌ను క్లాసులో అందరి ముందూ వినిపిస్తే కథ మొదటికొస్తుంది.

అన్నిటికంటే చమత్కారమైన ఉపాయం బల్గేరియా వైద్యుడు గియోర్గి లొజనోవ్‌ది. ఆయన క్లాసులో మెత్తటి కుర్చీలు, వెనక సంగీతం ఉండేవి. చేరిన ప్రతివాళ్ళకీ నేర్చుకునే భాషలో కొత్త పేరు, కొత్త వృత్తి ఇచ్చేవాడు. తప్పు మాట్లాడితే మాట్లాడింది ఆ కొత్త మనిషి, మనం కాదు. ఆయన పద్ధతి గురించి చెప్పుకున్న గొప్పలన్నీ తర్వాత నిలబడలేదు. ఈ పేరు మార్చే చిట్కా మాత్రం నాకు నచ్చింది. వేషం వేసుకున్నవాడికి సిగ్గు తక్కువని మన వీధి నాటకాలవాళ్ళని అడిగినా చెబుతారు.

■ ఐఈఎల్‌టీఎస్ గదిలో ఏం జరుగుతుంది?

*స్పీకింగ్ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. మూడు భాగాలు. రెండో భాగంలో కార్డు మీద అంశం ఇచ్చి, ఒక నిమిషం ఆలోచించుకోనిస్తారు. తర్వాత రెండు నిమిషాల దాకా మాట్లాడాలి. ఆ నిమిషంలో కాగితం మీద గుర్తులు రాసుకోవచ్చు.*

*మార్కులు నాలుగింటికి: ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. మీ అభిప్రాయం ఒప్పా తప్పా అన్నదానికి మార్కుల్లేవు. తెలుగు యాస ఉన్నంత మాత్రాన తగ్గించరు, అర్థమయ్యేలా ఉంటే చాలు. ఎగ్జామినర్ మధ్యలో మీ తప్పులు దిద్దరు. మొహంలో మెచ్చుకోలు కనబడకపోతే కంగారుపడొద్దు, అది ఆ ఉద్యోగం తీరు.*

ఇంట్లో వాళ్ళకో మాట

పెద్ద పరీక్షల్లో కూడా మధ్యలో తప్పులు దిద్దరని తెలిశాక, మన క్లాసులు వాటికంటే కటువుగా ఎందుకుండాలో టీచర్లే చెప్పాలి. మొదట ఇంగ్లీష్, తర్వాత విదేశీ భాషలూ నేర్పేవాళ్ళ కోసం హైదరాబాద్‌లో 1958 నుంచీ ఒక కేంద్ర సంస్థ ఉంది. ఇప్పుడది ఇఫ్లూ అన్న పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయం. నేర్పే పద్ధతుల మీద ఇంత అనుభవం మన ఊళ్ళోనే ఉండగా, అది మండల కేంద్రంలోని హైస్కూలు దాకా, అమీర్‌పేట మూడో అంతస్తు దాకా చేరడం లేదు. టీచర్ల శిక్షణలో వ్యాకరణానికి ఇచ్చే గంటల్లో ఒక గంట, పిల్లల్ని ఎలా లేపాలి, ఎంతసేపు ఆగాలి, ఎప్పుడు దిద్దాలి అన్నదానికి ఇవ్వమని రెండు రాష్ట్రాల విద్యాశాఖలనూ అడగడం గొంతెమ్మ కోరికేం కాదు.

నేర్చుకునేవాళ్ళు చేయగలిగినవీ ఉన్నాయి. మీ భయాన్ని పక్క బెంచీ వాళ్ళకు చెప్పండి. టెక్సస్ బృందాల్లో జరిగినట్టే, వాళ్ళూ అదే చెబుతారు. మొదటి రెండు వాక్యాలు బట్టీపట్టినా తప్పులేదు, గొంతు తెరుచుకోవడానికి అవి చాలు. గుండెదడ క్లాసు దాటి నిద్రను, తిండిని చెడగొట్టేదాకా వస్తే ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416కి ఫోన్ చేయొచ్చు. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక అమ్మానాన్నలకు. ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు పిల్లాణ్ని గదిలోంచి పిలిచి ‘అంకుల్‌కి ఇంగ్లీష్‌లో చెప్పి చూపించు’ అనకండి. వాడు తప్పు చెబితే చుట్టాల ముందు దిద్దకండి. వాళ్ళు వెళ్ళిపోయాక, ఆ రోజు క్లాసులో ఏం జరిగిందో తెలుగులో చెప్పమనండి. చెబుతున్నంతసేపూ మధ్యలో మాట్లాడకుండా వినండి.